భాద్రపదంలో తీసిన మట్టి

1965 జనవరి 11, సోమవారం

కొత్త డైరీ మొదలుపెట్టాను. పాతది ట్రంకు పెట్టె అడుగున ఉంది. అందులో సెప్టెంబరు పేజీలు కొన్ని చెమ్మకు పాడయ్యాయి. పోతే పోనీ, వాటిలో పెద్దగా రాసుకున్నదేమీ లేదు.

రేకులగూడెంలో ఇది ఆరో నెల. రాబోయే కాలువ కింద తడిసే నేలలను తవ్వి చూసి, ఏది పంటకు మంచిదో ఏది పనికిరాదో పటంలో రంగులు వేసి చూపించడం మా పని. తవ్వేది ఏసోబు. చూసి రాసేది నేను. సంతకం పెట్టేది సూపర్‌వైజర్ కృష్ణయ్య గారు. ఆయన హుజూర్‌నగర్‌లో ఫ్యాను కింద ఉంటారు. వారానికొకసారి జీపులో వచ్చి, జీపు దిగకుండానే నేలను పరీక్షించి పోతారు. చేతికి దొరికిన కాగితమల్లా పైకి చదవడం ఆయనకున్న జబ్బు. అగ్గిపెట్టె మీది అక్షరాలనూ వదలరు. మొన్న నా గదికి వచ్చి గోడ మీది క్యాలెండరును జనవరి నుంచి డిసెంబరు దాకా గట్టిగా చదివి, "బాగున్నదయ్యా వెంకటరాజం" అన్నారు. ఇలాంటివాళ్లు నాకు పైఅధికారులు.

ఊరి గురించి రాయడానికి ఏముంది? పొద్దున లేస్తే నలుగురు నా గది ముందు నిలబడి నేను పళ్లు తోముకోవడం చూస్తారు. వాళ్లకు వేరే వినోదం లేదు.

తూర్పున ఊరు ఆగిపోయిన చోట తెల్లబయలు మొదలవుతుంది. ఏడు వందల ఎకరాల దండగ. చౌడు నేల. ఆ నేలనూ, దాని మీది ఉప్పుమట్టినీ ఊరివాళ్లు సవుడు అంటారు. చెట్టు లేదు, చేను లేదు, నీడ లేదు. మేకలు కూడా దాని అంచు దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరుగుతాయి. ఈ ఊళ్లో నేను చూసిన ప్రాణుల్లో మేకలకే కాస్త తెలివి ఉన్నట్టుంది.

జనవరి 16, శనివారం

పొద్దున్నే తెల్లబయలు మీదికి వెళ్లాను. పని ఉండే వెళ్లాను.

నేల ఇంకా పూర్తిగా తెల్లబడలేదు. వానాకాలపు బురద ఎండి పగిలింది. ఒక్కో పెచ్చు పళ్లెమంత, ఐదు మూలలో ఆరు మూలలో ఉంటుంది. కనుచూపు మేర అవే. ఎవరో కూర్చుని కొలిచి పరిచినట్టు ఉన్నాయి. పగుళ్ల అంచుల్లో సన్నటి నూలు పోగులు కనబడ్డాయి. వంగి చూస్తే నూలు కాదు, ఉప్పు. తెల్లవారేసరికి వెంట్రుక మందాన మొలిచి నిలబడింది. ఊపిరి తగిలితే పడిపోయింది. చాలాసేపు ఊపిరి బిగబట్టి చూశాను. మోకాళ్లకు మట్టి అంటింది.

పుస్తకంలో ఇదంతా నాలుగు వాక్యాలు. చుట్టూ రాళ్ల గుట్టలు. ఎన్ని వేల ఏళ్లుగానో వానలు ఆ రాళ్లను నానబెట్టి, వాటిలోని ఉప్పును కరిగించి ఈ పల్లానికి తెస్తున్నాయి. పల్లానికి బయటికి దారి లేదు. నీళ్లు నేలలోకి దిగుతాయి గానీ ఎంతో లోతుకు పోవు, కింద బండ ఉంది. వానలున్నన్నాళ్లు ఉప్పు కిందనే ఉంటుంది. చలి వెనకబడి ఎండ ముదిరేకొద్దీ, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు మట్టి ఆ నీళ్లను పైకి లాగుతుంది. నీళ్లను ఎండ తీసుకుపోతుంది. ఉప్పు అక్కరలేదు కాబట్టి వదిలేసి పోతుంది. అంతే. దీనికోసం మోకాళ్ల మీద కూర్చోవలసిన పని లేదు.

జనవరి 17, ఆదివారం

చాకలి బక్కమ్మ బట్టలు తెచ్చింది. అరవై దాటిన మనిషి. తెల్లబయలు మీది సవుడు ఎత్తి తెచ్చుకుని, బట్టలు అందులో నానబెట్టి, బానలో ఉడకేసి ఉతుకుతుంది. ఈ మొరటు పద్ధతి నాకు నచ్చక ఒక సబ్బు బిళ్ల ఇచ్చాను. తిరిగి ఇచ్చేసింది.

"గది మీ మొకానికి వాడుకోండ్రి సారు" అంది.

చొక్కాలు మాత్రం ఈ ఊళ్లో దేనికన్నా తెల్లగా ఉన్నాయి. అది వేరే విషయం.

జేబుల్లో దొరికినవన్నీ మోదుగాకులో చుట్టి, చొక్కాల మీద పెట్టి ఇవ్వడం ఆమె అలవాటు. ఈసారి ఆకులో పెన్సిలు ముక్క, బస్సు టికెట్టు, సగం కొరికిన వక్క ఉన్నాయి. వక్కను కూడా దాచి తేవాలా, పారేయవచ్చుగా అన్నాను.

"జేబుల దొరికింది సాకలోల్లది గాదు సారు. మొదలు జేబు సూడాలె, తర్వాతనే నీల్లల్ల ముంచాలె. మా అత్త గట్ల నేర్పింది."

చదువు లేనివాళ్లకు ఇలాంటి నియమాలు ఎక్కువ.

జనవరి 21, గురువారం

ఇంటి నుంచి బాపు ఉత్తరం. ఎవరితోనో రాయించాడు. 'పర్మినెంటు ఎప్పుడైతది' అని ఒకే ముక్క.

మార్చిలో జాబితా వస్తుంది. నా పటం బాగుందని కృష్ణయ్య గారు పైకి రాశారు కూడా. పర్మినెంటు అయితే ఇక ఆ ఇంటి ముఖం చూడనక్కరలేదు. ఆ గంజి వాసన, ఆ మగ్గం చప్పుడు. బాపు నలభై ఏళ్లుగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఐదడుగుల గుంటలో దిగి నిలబడి జీతం తీసుకుంటున్నాను. రెండూ గుంటలేగా సారూ అని ఒకసారి ఏసోబు నవ్వాడు. గడ్డపార పట్టేవాడికి ఎంత ధైర్యం!

జనవరి 27, బుధవారం

డ్యాము నీళ్లలో మునిగే ఒక ఊరి నుంచి పన్నెండు కుటుంబాలను బండ్లలో తెచ్చి దించారు. కోళ్లు, కుండలు, ముసలివాళ్లు, ఏడుపులు. ఊళ్లోవాళ్లు పెళ్లిని చూడవచ్చినట్టు వచ్చి చూశారు. ఒక్కరూ మంచినీళ్లు ఇవ్వలేదు.

వీళ్లకు రెండు చోట్ల భూమి చూపించారు. ఒకటి ఊరికి పడమట ఎర్ర చెల్క. రాళ్లు, మిట్ట, కాలువ నీళ్లు ఎక్కవు. ఊరివాళ్ల మేకలు అక్కడే మేస్తాయి. రెండోది తెల్లబయలుకు దక్షిణపు అంచు. నున్నగా, చదునుగా ఉంటుంది, కాలువ పక్క నుంచే పోతుంది. నా పటంలో దానికి ఆకుపచ్చ రంగు, మొదటి తరగతి. శివరాత్రి పోయాక గురువారం నాడు ఎవరికి ఏది కావాలో చెప్పి వేలిముద్ర వేయాలి. ఒకసారి వేస్తే మార్చేది లేదు.

వాళ్లలో పెద్దమనిషి లచ్చయ్య. అతను ఏది కోరితే మిగతా పదకొండు ఇళ్లూ అదే కోరుతాయి. భార్య ఉప్పలమ్మ. మునిగే చేనులోని నల్ల మట్టిని పాత చీర పేలికలో మూట గట్టి తెచ్చింది. కొత్త చేనులో మొదటి చాలులో కలుపుతుందట. సామానంతా బండి మీద వేసి, మూటను మాత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మట్టిని చూసినందుకు నాకు జీతం ఇస్తున్నారు. నేనెన్నడూ ఒళ్లో పెట్టుకోలేదు.

"సారూ, మాది రేగడి. గీ దిక్కు నేలలు మాకు తెల్వయి. మీ పటంల ఏమున్నదో గదే మాకు" అన్నాడు లచ్చయ్య.

పటంలో ఉన్నదే నిజం అన్నాను. పుస్తకాల భాషలో అన్నాను. వాళ్ల భాషలో మాట్లాడితే నెత్తికెక్కుతారు. బాపు మాటలు అప్పుడప్పుడు నోటి దాకా వస్తాయి, మింగేస్తాను.

ఫిబ్రవరి 3

ఏమీ లేదు. ఎండ.

ఫిబ్రవరి 6, శనివారం

తెల్లబయలు మీదికి వెళ్లాను. పని ఉండే వెళ్లాను.

ఉప్పు పైకి వచ్చింది. మూడు వారాల కింద పగుళ్ల అంచుల్లో ఉన్నది ఇప్పుడు పెచ్చుల మీదంతా పొంగింది. కాలు పెడితే అప్పడం విరిగిన చప్పుడు, కింద పిండి లాంటి మెత్తదనం. పొద్దు పొడిచేటప్పుడు ఏడు వందల ఎకరాలూ లేత ఎరుపు. కాసేపటికి పసుపు. తర్వాత చూడలేనంత తెలుపు. దూరాన గుట్టలు నేలను వదిలి గాలిలో నిలబడ్డాయి, వాటి కింద నీళ్లు మెరిశాయి. అక్కడ నీళ్లు లేవని ఈ జిల్లాలో నాకన్నా తెలిసినవాడు లేడు, అయినా అటు నడిచాను. రెండు తీతువులు నెత్తి మీద అరుస్తూ తిరిగాయి. వట్టి నేల మీద గుడ్లు పెట్టుకున్నాయి, మట్టి రంగులో, తొక్కేదాకా కనబడవు. ఇంత బుద్ధిలేని చోట గుడ్లు పెట్టేది తీతువు ఒక్కటే.

అందంగా ఉంది. రాసుకున్నంత మాత్రాన ఏం పోదు. అందంగా ఉంది, ఎవరికీ పనికిరాదు.

తిరిగి వచ్చేటప్పుడు దక్షిణపు అంచు మీదుగా వచ్చాను. అక్కడ కూడా తెల్లగా ఉంది. పలచగా. మంచు కావచ్చు.

ఫిబ్రవరి 7

మంచు కాదు.

ఫిబ్రవరి 9, మంగళవారం

సరిగ్గా ఆలోచించుకుందాం. దక్షిణపు అంచున గుంట తవ్వించింది నేనే. అది సెప్టెంబరు, భాద్రపదం, వానలు. అప్పుడు అక్కడ మోకాలెత్తు గడ్డి ఉంది. మట్టి తీసి పరీక్షకు పంపాను. మంచిదని వచ్చింది. నేను పచ్చరంగు వేశాను. ఇందులో నా తప్పేముంది? వానల్లో ఉప్పు కిందికి పోతుందని ఆ రోజు ఎవరూ నాకు చెప్పలేదు. పరీక్ష అబద్ధం చెప్పదు. తప్పు మట్టిది.

అయినా పలచగానే ఉంది.

ఫిబ్రవరి 12, శుక్రవారం

లచ్చయ్య దక్షిణపు అంచున తిరుగుతుంటే చూశాను. వంగి తెల్లటి పొడిని వేళ్లతో నలిపాడు. కనిపెట్టాడు అనుకున్నాను. అనుకోగానే ప్రాణానికి హాయిగా అనిపించింది. ఎందుకో తెలియదు.

నా దగ్గరికి నవ్వుతూ వచ్చాడు.

"సారూ, ఎవలో బూడిద జల్లినట్టున్నది గద! మా దిక్కు బూడిద కోసం ఇల్లిల్లు తిరుగుతుంటిమి. గీడ నేలనే బూడిద ఇస్తాంది. వరి దున్నపోతు లెక్క లేస్తది."

ఉప్పును ఎరువు అనుకున్నాడు. ఇలాంటివాడికి ఎవరు ఏం చెప్పగలరు? నలభై ఏళ్లు నాగలి పట్టానంటాడు. నేను తల ఊపాను. అవునని ఊపలేదు, కాదనీ ఊపలేదు.

ఫిబ్రవరి 14, ఆదివారం

బక్కమ్మ తెల్లబయలు మీద సవుడు ఎత్తుతోంది. నన్ను చూసి కూడా పని ఆపలేదు. చేటతో పైపొరను మెల్లగా గీకి కుప్ప చేస్తుంది. లోతుకు పోదు. ప్రతి కుప్పకూ ముందు చిటికెడు నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, కొన్నిటిని వదిలేస్తుంది. ఎందుకలా నాకుతావు, అసహ్యంగా లేదా అన్నాను.

"నాకకపోతే ఎట్ల ఎర్కైతది సారు? చేదుగ, నాలుక మీద జారినట్టుంటె గది బట్టలకు అక్కరకొస్తది. కారంగ కొరికితె వొద్దు, గుడ్డ చినుగుతది."

తర్వాత దక్షిణం వైపు చేయి చూపింది.

"గా అంచుకు నాలుగేండ్ల కింద సవుడు లేకుండె. పైన కుంట కట్ట లేపిన్రు, కింద నీల్లు ఊటెక్కినయి. ఏడాదికింత జరుగుతాంది. రేపు కాలువొస్తె అంతా తెల్లగైతది. గా లచ్చయ్యకు చెప్పిన. 'భూమి మాకిస్తె నీ సవుడు పోతదని చెప్తున్నవు ముసలమ్మా' అన్నడు. సర్కారు పటం ముందట సాకలిదాని మాట ఎవలింటరు?"

నీకు తెలిసినట్టు మాట్లాడకు అన్నాను.

"మీకూ చెప్తిని గద సారు. భాద్రపదంల గుంట తవ్వుతుంటె చెప్తిని."

నాకు గుర్తు లేదన్నాను.

ఫిబ్రవరి 15, సోమవారం

గుర్తుంది.

సెప్టెంబరు పేజీలు చెమ్మకు పాడవలేదు. పాడైంది ఒకటే పేజీ. చెమ్మకు కాదు, నేనే చించాను. పారేయలేదు. ట్రంకులో పాత చొక్కా మడతలో ఉంది. ఎందుకు పారేయలేదో తెలియదు.

ఆ రోజు ఆమె చెప్పింది. అంతే కాదు. గుంట నడుము లోతుకు పోగానే కింది నుంచి నీళ్లు ఊరాయి. ఐదడుగులు తవ్వాలంటే నీళ్లు తోడాలి, ఇంకో రోజు కావాలి. వాన వచ్చేలా ఉంది. పటం ఆ వారమే పంపాలి. పైమట్టి ఒక సంచిలో వేసుకుని, 'లోతు ఐదడుగులు, నీళ్లు లేవు' అని రాశాను. అంత పైకి నీళ్లున్న నేల మాఘంలో ఏమవుతుందో చదువుకున్నవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. ఎవరూ అడగరనుకున్నాను. ఆకుపచ్చ రంగు వేస్తుంటే చేతికి ఏమీ అనిపించలేదు.

ఏసోబును ఇవాళ అడిగాను, ఆ గుంట గుర్తుందా అని.

"మీరేది రాస్తె గదే గుర్తుంటది సారు" అన్నాడు. నవ్వలేదు.

ఫిబ్రవరి 19

వాళ్ల ఖర్మ.

ఫిబ్రవరి 22, సోమవారం

కృష్ణయ్య గారు వచ్చారు. జీపు తలుపు పట్టుకుని, దక్షిణపు అంచున మాఘంలో ఇంకొక గుంట తవ్వితే ఎలా ఉంటుందని అడిగాను. ఊరికే అడిగినట్టు అడిగాను. ఆయన నా చేతిలోని బిస్కెట్ పొట్లం మీది అక్షరాలు చదవడం పూర్తిచేసి అప్పుడు నా వైపు చూశారు.

"ఏందయ్యా, దిమాక్ ఖరాబైందా? నీ పటం మీద నేను దస్తకతు జేసిన. పై దాంక పోయింది. జాబితల నీ పేరున్నది. ఎల్లుండి పర్మినెంటు అయ్యేటోనివి, జర నోరు మూసుకొని ఉండు."

"వాళ్లు నష్టపోతారేమోనని..."

"వాల్ల ఫికర్ నీకెందుకు? వాల్లు తెలుసుకునే లోపల నువ్వు ఏ జిల్లల ఉంటవో."

మంచి మాటే చెప్పారు. ఆ మాట నాకు నేనే వారం నుంచి చెప్పుకుంటున్నాను. ఆయన నోట వింటే మాత్రం జీపు తలుపు వదిలేశాను. ఇంత నీచంగా మాట్లాడగలిగే మనిషి పేరు పక్కన నా పేరు.

ఫిబ్రవరి 25, గురువారం

రాశాను. నాలుగు వాక్యాలు, కింద సంతకం లేదు. రేపు పెడతాను. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. కృష్ణయ్య గారికి ఇవ్వాలి, లేదా లచ్చయ్యకు చదివి వినిపించాలి. రేపు చూద్దాం.

పొద్దున ఉప్పలమ్మ గుడిసె ముందు నుంచి వచ్చాను. కాలువ వస్తే ఏ మడిలో నారు పోయాలో పుల్లతో నేల మీద గీసి పక్కింటామెకు చూపిస్తోంది. పుల్లతో గీసిన పటం. అది నా పటం కన్నా నిజాయితీగా ఉంది. నాకు నా మీద అసహ్యం వేసింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది.

ఫిబ్రవరి 26

చొక్కా ఉతుకుడుకు వేశాను. కాగితం జేబులోనే ఉండిపోయింది. మరిచిపోయాను. ఈపాటికి బానలో ముద్దైపోయి ఉంటుంది. మళ్లీ రాయాలంటే మంచి కాగితం లేదు. సరే.

ఫిబ్రవరి 28, ఆదివారం

బక్కమ్మ తలుపు కొట్టింది. ఒంట్లో బాగాలేదు, బట్టలు గుమ్మంలో పెట్టి పొమ్మని లోపలి నుంచే అరిచాను.

"సారూ, జర తలుపు తియ్యిండ్రి, గీడ ఒకటి..."

పొమ్మన్నాను.

చొక్కాలు తెల్లగా ఉన్నాయి. మోదుగాకు మూట లేదు.

మార్చి 1

శివరాత్రి, మేళ్లచెరువు జాతర. పోయాను. భక్తితో కాదు, ఊళ్లో ఉండలేక. ఎడ్లబండ్లు, దుమ్ము, వేలమంది, అందరూ దేవుణ్ణి ఏదో ఒకటి అడిగేవాళ్లే. నేనూ లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఏం అడగాలో తోచలేదు.

మార్చి 4, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బడి వరండాలో బల్ల వేశారు. కృష్ణయ్య గారు, భూములిచ్చే ఆఫీసు గుమాస్తా, పక్కన నేను. ఎదురుగా పన్నెండు కుటుంబాలు, వెనక ఊరంతా. నా పటం బల్ల మీద పరిచారు. పచ్చరంగు ఎండకు నిగనిగలాడింది. లచ్చయ్యను ముందు పిలిచారు. ఏది కావాలని గుమాస్తా అడిగాడు. లచ్చయ్య నా వైపు చూసి, చేతులు జోడించి, "కాలువ పక్కది" అన్నాడు. బొటనవేలికి సిరా పూశారు.

అప్పుడు బక్కమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"సారూ, నాలుగు దినాలాయె, మీరు దొరుకుతలేరు. గీ కాయిదం మీ అంగి జేబుల ఉండె. తడువక ముందే తీసిన. ముఖ్యమైందేమో, చేతికే ఇయ్యాల్నని గుమ్మంల పెట్టలె."

మోదుగాకు విప్పింది. నా కాగితం. మడత కూడా నలగలేదు. నేను చేయి చాచాను. కృష్ణయ్య గారు నాకన్నా దగ్గరున్నారు. కాగితం కనబడితే ఆయన చేయి ఆగుతుందా? తీసుకున్నారు, విప్పారు, క్యాలెండరును చదివిన గొంతుతోనే మొదలుపెట్టారు.

"'సూపర్‌వైజర్ గారికి. దక్షిణపు అంచు నేల గురించి నేను రాసినది తప్పు. గుంటలో నడుము లోతున నీళ్లు పడ్డాయి, లేవని రాశాను. ఆ మట్టి వానల్లో తీసినది కనుక ఉప్పు కనబడలేదు. కాలువ వస్తే మూడేళ్లలో ఆ నేలంతా చౌడవుతుంది, అక్కడ ఎవరికీ...'"

అక్కడ ఆగారు. చదివే నోటికీ అర్థం చేసుకునే బుర్రకూ ఆయనలో చాలా దూరం ఉంది. ఆ దూరం వల్లే నాలుగో వాక్యం దాకా వచ్చారు. లచ్చయ్య సిరా వేలు గాలిలోనే ఉంది.

కృష్ణయ్య గారు కాగితాన్ని తిప్పి చూశారు. ముఖం ఎర్రబడింది. తర్వాత మెల్లగా, దాదాపు ప్రేమగా అన్నారు.

"కింద దస్తకతు లేదు. ఎవలో గిట్టనోడు రాసి నీ జేబుల పెట్టిండు. గంతేనా, వెంకటరాజం? నీ రాత గాదని చెప్పు, అయిపోతది."

నాకు దారి చూపించారు. ఆ ఒక్క మాట అంటే చాలు. అనడానికి నోరు తెరిచాను కూడా, ఇక్కడ అబద్ధం రాసుకుని లాభం లేదు. బక్కమ్మ ఖాళీ ఆకు పట్టుకుని నిలబడి ఉంది. దొరికింది దొరికినట్టు ఇచ్చాను, ఇక నాదేమీ లేదన్నట్టు ఉంది ఆమె ముఖం. ఉప్పలమ్మ ఒళ్లో మట్టిమూట ఉంది. ఇవాళ వేలిముద్ర పడుతుందని ఆ మూటను కూడా వెంట తెచ్చుకుంది. దాన్ని చూశాను.

"నాదే. గది నేను రాసిందే" అన్నాను. "లచ్చయ్యా, గది బూడిద గాదు, సవుడు. తీసుకోకు. భాద్రపదంల నేను అబద్ధం రాసిన."

బాపు మాటలు. ఒక్కటీ మింగలేకపోయాను. గొంతు కూడా బాపుదే అనిపించింది.

తర్వాత పెద్ద గోల. గుమాస్తా పటం చుట్టేశాడు. లచ్చయ్య నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. "మీరు సదువుకున్నోల్లు గద సారు" అని మాత్రం అన్నాడు. ఉప్పలమ్మ అతని వేలి సిరాను కొంగుతో తుడిచింది. సరిగ్గా పోలేదు, మళ్లీ తుడిచింది.

మార్చి 9, మంగళవారం

పై నుంచి మనుషులు వచ్చి దక్షిణపు అంచున గుంట తవ్వించారు. నడుము లోతున నీళ్లు. తవ్వింది ఏసోబే. గుంటలోంచి నన్ను చూసి, "గిప్పుడు గుర్తొచ్చింది సారు" అన్నాడు.

పన్నెండు ఇళ్లూ పడమటి ఎర్ర చెల్కకే వేలిముద్రలు వేశాయి. ఊరివాళ్లు మేకలు ఎక్కడ మేపుకోవాలని నన్ను తిడుతున్నారు. లచ్చయ్య రాళ్లు ఏరుతూ నన్ను తిడుతున్నాడు. కృష్ణయ్య గారు హుజూర్‌నగర్‌లో కూర్చుని తిడుతున్నారట. ఇంతమందిని ఒక్కతాటి మీదికి తేవడం ఈ తాలూకాలో ఇంకెవరివల్లా కాలేదు.

జాబితా వచ్చింది. అందులో నా పేరు లేదు. పని నుంచి తీసేస్తూ వేరే కాగితం వచ్చింది. దాన్ని ఎవరూ పైకి చదవలేదు.

మార్చి 12, శుక్రవారం

పెట్టె సర్దుకున్నాను. పొద్దున తెల్లబయలు మీదికి వెళ్లాను. పనేమీ లేదు, ఊరికే వెళ్లాను. గాలికి ఉప్పు పొడిగా లేచి మనిషెత్తున పొర్లుతూ పోతోంది. తీతువు గుడ్లు పగిలి పిల్లలు తిరుగుతున్నాయి. బుద్ధిలేని చోటనే బతికాయి.

ఉప్పలమ్మ మట్టిమూట గుడిసె వాసానికి వేలాడుతోంది. వానలు పడి మొదటి చాలు వేసేదాకా విప్పదట. నన్ను చూసి లోపలికి పోయింది. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి గడప అవతల పెట్టింది. తాగాను.

బక్కమ్మ ఆఖరి చొక్కా తెచ్చింది. ఆ కాగితంలో ఏముందో నీకు ముందే తెలుసా అని అడిగాను.

"నాకు సదువొస్తదా సారు? మీరేమో మరిసిపోయిన్రు, నేనేమో ఇచ్చిన."

మరిచిపోయానని ఫిబ్రవరి 26న నేనే రాశాను. ఇప్పుడు పేజీలు వెనక్కి తిప్పి జనవరి 17న ఏం రాశానో చూశాను. మొదలు జేబు, తర్వాత నీళ్లు. ఆమె చూడకుండా ముంచదని నాకు నెల ముందే తెలుసు. తడిసి పోతుందని వేశానా, తెచ్చి ఇస్తుందని వేశానా? నాకు తెలియదు. ఒక్కటి మాత్రం నిజం, మరిచిపోలేదు.

మార్చి 16, మంగళవారం

ఇంటికి వచ్చి మూడు రోజులు. బాపు ఏమీ అడగలేదు. పొద్దున గుంటలో కూర్చుని మగ్గం ఆడిస్తూ, "పోగు తెగింది, జర పట్టు" అన్నాడు. పట్టాను. ముడి వేయడం చేతికి ఇంకా గుర్తుంది. గంజి వాసన అలాగే ఉంది. దానికేం, ఉంటుంది.

పాత చొక్కా మడతలోంచి సెప్టెంబరు పేజీ తీసి, బాపు గంజికుండలో వేలు ముంచి, పాత డైరీలో దాని చోట దాన్ని అతికించాను. ఆరాక చదివాను. అక్షరం మార్చకుండా ఇక్కడ మళ్లీ రాసుకుంటున్నాను.

'1964 సెప్టెంబరు 19, శనివారం. తెల్లబయలు దక్షిణపు అంచు. గుంటలో నడుము లోతున నీళ్లు. తోడించలేదు. పైమట్టి తీసుకున్నాను. ఐదడుగులని రాశాను. బట్టల మూటతో పోతున్న ఒక చాకలి ముసలిది ఆగి, గిప్పుడు తవ్వితే ఏం గనవడ్తది సారు, మాగంల రాండ్రి అంది. ఆఫీసరుకు పని నేర్పుతోంది. ఏసోబు నవ్వలేదు. నేను మాత్రం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను.'